అడుగున ఒక గుక్క

పాల తొట్టి మా పెరట్లో దిగిన రోజు వాన పడింది. శుభమన్నారు చుట్టూ మూగినవాళ్ళు. నేను మాత్రం లారీ బురదలో జారి, ఆ ఇనుప ఎద్దు కాస్తా మా ఆయన కాళ్ళ మీద పడుతుందేమోనని గుప్పిళ్ళు బిగించి నిలబడ్డాను. పడలేదు. నేను భయపడ్డవి చాలావరకు జరగవు. జరిగేవన్నీ నేను భయపడటం మరిచిపోయినవే.

తొట్టి గంట కంపెనీది. దాని అసలు పేరు పలకడానికి మా నోళ్ళు తిరగవు. ప్రతి డబ్బా మీదా, ప్రతి పొట్లం మీదా ఆవు మెడలో కట్టే గంట బొమ్మ ఉంటుంది కనక ఊరంతా గంట కంపెనీ అనే అనేది. ఇంటింటి పాలూ పొద్దున్నే మా పెరటికి రావాలి. తొట్టి వాటిని ఏటి నీళ్ళంత చల్లగా చెయ్యాలి. మధ్యాహ్నానికి ట్యాంకరు వచ్చి తోడుకుని పట్నం ఫ్యాక్టరీకి పట్టుకుపోవాలి. పాలు పరీక్ష చేసి తీసుకోవడం, తొట్టి కడిగి ఆరబెట్టడం మా నాజిక్ ఉద్యోగం.

నాకున్నది ఒక్కతే కూతురు. ఆ ఉద్యోగం రాకపోయి ఉంటే ఆ వసంతంలోనే మాస్కో రైలెక్కేది. మా ఆడపడుచు అనార్‌కుల్ అక్కడ ఒక గిడ్డంగిలో పెట్టెలకు చీటీలు అతికిస్తుంది. ఫోను చేసినప్పుడల్లా, "నా పక్క మంచం ఖాళీగానే ఉంది వదినా, పిల్లని పంపరాదూ" అంటుంది. ఆ మంచం మీద ఇదివరకు పడుకున్న పిల్ల ఏమైందో మాత్రం చెప్పదు. అడగాలని నోరు తెరుస్తాను, "అక్కడ చలెలా ఉంది?" అని ఫోను పెట్టేస్తాను.

తొట్టి ఉంటే పిల్ల ఉంటుంది. తొట్టి పోతే పిల్ల పోతుంది. ఆ వేసవంతా నేను మనసులో పెట్టుకున్నది ఇంతే.

*

తొట్టి వచ్చిన కొత్తలో లారిసా పెత్రోవ్నా మాకు క్లబ్బులో సినిమా వేసింది. కంపెనీ తరఫున మా లోయలోని ఊళ్ళన్నిటినీ చూసుకునే మనిషి ఆవిడ. మంచిదే. ఎప్పుడూ అలిసిపోయినట్టుండేది. సామూహిక వ్యవసాయ క్షేత్రం రోజుల్లో కట్టిన క్లబ్బు అది, పైకప్పు కారుతోంది. బకెట్ల మధ్య బల్లలు వేసుకుని కూచున్నాం.

తెర మీద కొండలు కనబడ్డాయి. మావి కావు గానీ మంచు మాత్రం అదే మంచు. ఆ కొండల్లో ఎప్పుడో మా ముత్తాతల నాడు ఒక పాలవాడి భార్య ఉండేదట. మొగుడు పోయాడు. ఎండాకాలం పాలు పారబొయ్యాల్సినన్ని, చలికాలం పసిపిల్లల నోట్లోకి చుక్కుండేది కాదు. ఆమె పాలలో చక్కెర వేసి చిక్కబడేదాకా కాచి, రేకు డబ్బాలో పోసి మూత బిగించింది. డబ్బా మీద తన చచ్చిపోయిన ఆవు గంట బొమ్మ వేయించింది. కొడుకులు పెద్దవాళ్ళయ్యారు. యుద్ధం వచ్చింది, సైనికులకు డబ్బాలు కావలసి వచ్చాయి. ఓడలెక్కించారు. వేడి దేశాల్లో పాలు నిలవ ఉండవు కనక అక్కడి తల్లులకు అమ్మారు. కాఫీ వాళ్ళని కొన్నారు, చాక్లెట్ వాళ్ళని కొన్నారు, పులుసులో కరిగించే మసాలా బిళ్ళల వాళ్ళని కొన్నారు. చివరికి కుక్కల తిండి కూడా.

"కుక్కలకి కూడానా?" అంది చీకట్లోంచి మా అత్తగారు జూరకాన్. "ఆ ముసలమ్మకి తెలుసా ఈ సంగతి?"

క్లబ్బంతా నవ్వింది. లారిసా పెత్రోవ్నా కూడా నవ్వింది.

ఆఖర్న ప్రపంచ పటం చూపించారు. గంట ఉన్న చోటల్లా చిన్న బల్బు. సముద్రాల అంచులన్నీ మిణుగురులు వాలినట్టున్నాయి. మా వైపు చీకటి. ఆవిడ ఏదో నొక్కింది, మా కొండల మధ్య కూడా ఒక బల్బు వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. బల్బులు మాడిపోతాయన్న సంగతి ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

ఆ రాత్రి మా ఆయన తొక్తోసున్ పండక్కని దాచిన చాక్లెట్టు బయటికి తీసి అటూ ఇటూ తిప్పాడు. మేం చిన్నప్పట్నించీ తిన్నదే, రష్యావాళ్ళది. వెనకాల మూలన, చీమ తలంత గంట.

"ఇదీ వాళ్ళదేనటే! ఇంక మనదంటూ ఏం మిగిలిందే?" అన్నాడు.

"నీ నడుం నొప్పి" అన్నాను.

*

పాలనీ, పెరుగునీ, వెన్ననీ, పాలతో అయ్యే ప్రతిదాన్నీ మా వాళ్ళు తెలుపు అనే అంటారు. తెలుపును నేల మీద పొయ్యకూడదు. కాలితో దాటకూడదు. పొద్దుగూకాక గడప దాటించకూడదు. పాము ఇంట్లో దూరినా సరే కర్ర ఎత్తకూడదు, తల మీద నాలుగు చుక్కల తెలుపు పోసి వెళ్ళిరమ్మనాలి. అన్నిటికంటే ముఖ్యం, తెలుపున్న పాత్రని అడుగంటా ఖాళీ చెయ్యకూడదు. ఒక్క గుక్కయినా మిగలాలి. రేపటి పాలని పిలుచుకొచ్చేది ఆ గుక్కే. పొరుగింటికి పాత్ర తిరిగిచ్చేటప్పుడు కూడా బోసిగా ఇవ్వం.

కంపెనీ పద్ధతి వేరు. పాలు పోసినవెంటనే పాత్రని మరిగే నీళ్ళతో, వాళ్ళిచ్చిన పొడితో తోమాలి. నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగాలి. బోర్లించి ఆరబెట్టాలి. నాజిక్ పట్నంలో శిక్షణకి వెళ్ళొచ్చి ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళందరికీ ఇదంతా నేర్పింది.

కంచె మీద బోర్లించిన పాల క్యాన్ల వరసని మా అత్తగారు మొదటిసారి చూసినప్పుడు నడిచేదల్లా ఆగిపోయింది.

"చావింట్లో కూడా ఇన్ని పాత్రలు బోర్లించరే!"

"నాన్నమ్మా, నువ్వు మిగిల్చే ఆ గుక్కలోనే పురుగులు పెరుగుతాయి. కంటికి కనబడవు. పాలన్నీ పాడు చేస్తాయి."

"కంటికి కనబడనివి ఉంటాయనే కదే నేనూ చెప్పేది! నీ పురుగు కనబడదు, నా బరకత్తూ, ఇంటి కలిమీ కనబడదు. నీ మాట నేను నమ్మాలి, నా మాట నువ్వు నమ్మవు. ఇదేం న్యాయం?"

నాజిక్ నవ్వి ముసలామె తలగుడ్డ సరిచేసి వెళ్ళిపోయింది. ఆవిడ తన చెక్క గిన్నె మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు. ఎప్పటిదో జూనిపర్ కొమ్మల పొగ పెట్టిన గిన్నె. లోపల నల్లగా నిగనిగలాడేది. అందులో తెలుపు ఏనాడూ ఎండలేదు. దాన్ని ఎవరూ ఎప్పుడూ కడగలేదు.

*

ఎండలు ముదిరాయి. మేక పిల్లలు గోడ నీడని పట్టుకుని వేలాడేవి. కరెంటు ఇష్టం వచ్చినప్పుడు పోయేది. ఆ రోజుల్లో ఒక సాయంత్రం, పొద్దింకా కొండ అంచునుండగానే, పోయిన ట్యాంకరు మళ్ళీ మా వీధిలోకి వచ్చింది. ఆ వేళకి రాదు. ఎవరో చచ్చిపోయారనుకున్నాను.

డ్రైవరు కుబాన్ దిగాడు. పక్క ఊరి కుర్రాడు, పెళ్ళయి ఏడాదన్నా కాలేదు. టోపీ చేత్తో పట్టుకుని నలుపుతున్నాడు.

"ఫ్యాక్టరీలో వద్దన్నారక్కా. పుల్లబడ్డాయట. లోయలో పారబోసి రమ్మన్నారు."

"పారబోశావా?"

"అంచుదాకా వెళ్ళాను. తూము మీద చెయ్యేశాను. తిరగలేదక్కా, చెయ్యి. ఇంట్లో ఆవిడ కడుపుతో ఉంది. అంత తెలుపు మట్టిలో పోసి నేను ఏ మొహంతో ఇంటికెళ్ళను?"

అలా ఒక ఊరి పాలు ఆ ఊరికే తిరిగొచ్చాయి. వాటి వెల ఊసు ఎవరూ ఎత్తలేదు. పెద్ద డేగిసాలు, స్నానాల తొట్లు, పెళ్ళిళ్ళ వంట బానలు, ఏది దొరికితే అది పట్టుకొచ్చారు ఆడవాళ్ళు. పెరుగయ్యాక గుడ్డ సంచుల్లో పోసి వేలాడదీశారు. నీరు దిగాక ఉప్పు కలిపి ఉండలు చుట్టారు. ఆ వారమంతా ఊళ్ళో ఎవరింటి కప్పు చూసినా ఎండు పెరుగు ఉండలే. మేం కుర్తు అంటాం వాటిని. మా ఆయన నడుం పట్టుకుని కప్పు మీద కూచుని కాకుల్ని తోలాడు.

"కంపెనీకి పాలు పోసి ముసలితనంలో దిష్టిబొమ్మ ఉద్యోగం సంపాదించాను" అన్నాడు.

అందరూ నవ్వారు. ఉండలు చుట్టీ చుట్టీ నా అరచేతులు ఉప్పుకి పగిలాయి. ఒక్కసారే కదా, వేడికి అలా అయి ఉంటుంది, అనుకున్నాం.

పది రోజులు తిరక్కుండా ట్యాంకరు మళ్ళీ వెనక్కొచ్చింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

*

లారిసా పెత్రోవ్నా వచ్చి మా పెరట్లో నిలబడే మాట్లాడింది. టీ తాగమంటే వద్దంది. అప్పుడే నాకు అర్థమైంది, మంచి కబురు కాదని.

"ఎండకి పాడైన పాలు కావివి. అవి విరిగిపోతాయి, వాసన వేరు. ఇవి తోడుకుంటున్నాయి. ఎవరో కావాలని తోడు వేసినట్టు. ఇంకొక్కసారి ఇలా వచ్చిందంటే తొట్టి ఎత్తి పక్క ఊళ్ళో పెట్టమని పైనుంచి చెప్పారు. నా చేతుల్లో ఏమీ లేదమ్మా."

వీధి చివరింటి సబీరా మా కంచె మీద మోచేతులు ఆనించి వింటోంది. ఆమెకి మా ఆవులన్నిటికంటే ఎక్కువ పాలిచ్చే ఆవుంది, మా అందరికంటే పెద్ద నోరు కూడా ఉంది. తొట్టి తన పెరట్లో పెట్టలేదని వసంతం నుంచీ గుర్రు.

"తోడు వేసే చెయ్యి ఎవరిదో తొట్టి ఎవరి పెరట్లో ఉందో వాళ్ళనడగండి" అంది.

"మా పాలు కూడా పోయాయి కద సబీరా, మా ముక్కు మేమే కోసుకుంటామా?"

"నేనేమన్నాను? ఉద్యోగం చేసే పిల్లకి కడగడం చేతకాదేమో అన్నాను. మాస్కోలో అయితే యంత్రాలు కడుగుతాయట."

నాజిక్ బ్రష్ తీసుకుని, కడిగిన తొట్టినే మళ్ళీ కడిగింది. వేళ్ళ కణుపులు చిట్లి రక్తం వచ్చేదాకా. సాయంత్రం అనార్‌కుల్ ఫోను చేసినప్పుడు తనే తీసుకుని చాలాసేపు, "ఆఁ... ఆఁ అత్తా..." అంటూ విన్నది. పెట్టేశాక నా వైపు చూడకుండా, "అమ్మా, నీలం సంచీ ఎక్కడుంది, పెద్దది?" అంది.

"ఎలుకలు కొట్టేశాయి" అన్నాను. అటక మీద భద్రంగా ఉంది. ఆ రాత్రి నిచ్చెన వేసుకుని ఎక్కి, దాన్ని గడ్డి కింద ఇంకా లోపలికి తోశాను.

*

ఇది సబీరా పనే అని నా మనసు గట్టిగా చెప్పింది. పట్టుకుంటే అంతా చక్కబడుతుందనీ చెప్పింది. తెల్లవారుజామున నాజిక్ తొట్టి మూత తెరిచి గాలికి వదిలి, మా ఆవుల దగ్గరికి పాలు పితకడానికి వెళ్తుంది. తొట్టి దగ్గర ఎవరూ ఉండని సమయం అదొక్కటే. నేను శాలువా కప్పుకుని పిడకల కుప్ప వెనకాల కూచున్నాను. సబీరా వస్తే ఏమనాలో మాటలు కూడపెట్టుకున్నాను. కత్తి తెస్తుందేమో అని కూడా అనిపించింది. సబీరా, కత్తి! నా బుర్ర అలాంటిది.

కంచె తలుపు కదల్లేదు. మా ఇంటి తలుపే తెరుచుకుంది.

మా అత్తగారు ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో చెక్క గిన్నె పట్టుకుని మెల్లగా పెరట్లోకి వచ్చింది. తొట్టి ఆవిడ తల కంటే ఎత్తు. పక్కనే కంపెనీ వాళ్ళ ప్లాస్టిక్ పెట్టె బోర్లించి ఉంది. కర్ర తొట్టికి ఆనించి, ముందు ఒక మోకాలు, తర్వాత రెండోది పెట్టె మీద పెట్టి, అంచు పట్టుకుని లేచి నిలబడింది. ఎనభై దాటిన మనిషి. పడుతుందేమోనని నేను సగం లేచాను.

"నా మనవరాలి చేతి కింద తెలుపు ఎండకుండా ఉండాలి" అంటోంది. గట్టిగా కాదు, పక్కన కూచున్నవాళ్ళతో అన్నట్టు. "పిల్ల దూరం పోకుండా ఉండాలి. ఈ గడపలోనే ఉండాలి." గిన్నె వంచింది. తళతళలాడే ఆ కంపెనీ ఉక్కు మీద తెల్లటి గుక్క జారిన చప్పుడు నాకు వినబడింది. కరెంటు పోయిన రోజు పాలన్నీ తోడుకున్నది ఈ గుక్కతోనే అన్నమాట.

నేను నిద్ర పట్టనప్పుడల్లా అనుకునే మాటలే అవి. ఒక్క మాట కూడా తేడా లేదు.

అరవాలనుకున్నాను. నీ మూలాన్నే పిల్ల పోతోందని అరవాలనుకున్నాను. తర్వాత ఆ మాట విన్నాక ఆవిడ ఎలా బతుకుతుందా అని కూడా అనిపించింది. ఊరికి తెలిస్తే, సబీరా నోట పడితే... పడక్కర్లేదు, ఆవిడకి తెలిస్తే చాలు. రొట్టె ముట్టడం మానేస్తుంది. నాకు తెలుసు. కొడుకు చచ్చిపోయినప్పుడు అలాగే చేసింది, మా ఆయన పెద్దన్న.

పిడకల వెనకనుంచి వచ్చాను.

"అత్తమ్మా, ఎత్తు మీంచి పడతారు. రేపట్నించి ఆ గిన్నె నాకివ్వండి. నేను పోస్తాను."

ఆవిడ తిరిగి చూసింది. కళ్ళలో పొర, నన్ను చూస్తోందో నా వెనకాల గోడని చూస్తోందో తెలీలేదు.

"మరిచిపోకూడదు మరి" అంది.

"మరిచిపోను."

నడుం పట్టుకుని దింపాను. ఎండిన కొమ్మంత బరువు. లోపలికి పంపించాక ఆవుల పాక దగ్గరికి వెళ్ళి, "తొట్టిలో కాకి రెట్టేసింది, మళ్ళీ కడగాలి" అన్నాను. నాజిక్ కాకిని, దాని ఏడు తరాలని తిట్టుకుంటూ కడిగింది.

*

మర్నాటి నుంచి అదే నా పొద్దు పొడుపు. ఆవిడ గడపలో నిలబడి గిన్నె అందించేది. నేను పెట్టె ఎక్కి, ఆవిడకి వీపు పెట్టి, తొట్టి మీదికి వంగేదాన్ని. వంగి తాగేసేదాన్ని.

మరేం చెయ్యను? తొట్టిలో పొయ్యకూడదు, నేల మీద పొయ్యకూడదు. పిల్లికి పోద్దామంటే ఆవిడ చూస్తోంది. పుల్లగా, పొగ వాసనతో, గొంతు జివ్వుమనేలా ఉండేది. ఖాళీ కడుపులో పడి మధ్యాహ్నం దాకా మండేది. రోజూ పెట్టె ఎక్కేటప్పుడు పెట్టె విరుగుతుందని భయం. తాగేటప్పుడు నాజిక్ వచ్చేస్తుందని భయం. దిగాక ఇంకో భయం. ముసలిమనిషి దీవెన అది. తొట్టికి చేరాల్సింది నా కడుపులో పడుతోంది. దేవుడు ఏ వైపు నిలబడి చూస్తున్నాడో! గిన్నె అడుగున మాత్రం కొంచెం ఉంచేదాన్ని. అది తప్పించే ధైర్యం నాకు లేదు.

ట్యాంకరు మళ్ళీ వెనక్కి రాలేదు. ఎండలు అలాగే ఉన్నాయి, కరెంటు అలాగే పోతోంది, పాలు మాత్రం నిలిచాయి. వీధిలో ఇంజను చప్పుడైనప్పుడల్లా నేను చేస్తున్న పని వదిలి నిలబడిపోయేదాన్ని. చప్పుడు దాటిపోయేది. మళ్ళీ కూచునేదాన్ని. అలా ఎన్ని వందలసార్లు లేచి కూచున్నానో, ఆ వేసవికి నా మోకాళ్ళు అరిగిపోయాయి.

సబీరా ఒకరోజు నూనెలో వేయించిన రొట్టె ముక్కలు గిన్నె నిండా తెచ్చింది. రాజీ అన్నమాట.

"మొత్తానికి మీ పిల్లకి కడగడం వచ్చింది" అంది.

"నువ్వు కంచె మీంచి నేర్పితే రాదూ!" అన్నాను.

గిన్నె తిరిగిచ్చేటప్పుడు అడుగున ఇంత వెన్న వేసిచ్చాను.

నాజిక్ నీలం సంచీ ఊసెత్తలేదు. సాయంత్రాలు కొత్త పరీక్షల పుస్తకం చదువుకునేది. లారిసా పెత్రోవ్నా తర్వాత ఆ చోటు తనకి రావచ్చని ఎవరో అన్నారట. ఎప్పుడో ఒకసారి పాట కూడా పాడింది, పాక లోపల్నించి వినబడింది. పాట విన్నానని నేను ఎవరికీ చెప్పలేదు.

*

కనుమల మీద మంచు కనబడింది. పైన మేతకెళ్ళిన మందలు దిగొచ్చాయి. గోధుమ దుబ్బుల మీద పొద్దున్నే తెల్లటి పొర. అలాంటి రోజున లారిసా పెత్రోవ్నా వచ్చింది. ఈసారి కూచుంది. రొట్టె తుంచింది, టీ గిన్నె రెండు చేతుల్లో పట్టుకుంది. కానీ తాగలేదు.

"ఈ వేసవి మొత్తం మా దారిలో మీ ఊరి పాలే అన్నిటికంటే శుభ్రమైనవి. ఫ్యాక్టరీలో అందరికీ చెప్పాను, నాజిక్."

నాజిక్ బుగ్గలు ఎర్రబడ్డాయి. నేను ఆవిడ చేతుల్లో చల్లారుతున్న టీ వైపే చూస్తున్నాను.

"చలికాలం నుంచి పాలు తీసుకోవడం మానేస్తున్నారు. లోయ మొత్తం. ఏడాది పొడుగునా పచ్చగడ్డి ఉండే దేశం ఏదో ఉందట, సముద్రాల అవతల. అక్కడ పాలు పొడి చేసి ఓడలో, రైల్లో పంపుతారు. ఇక్కడ నీళ్ళు కలుపుతారు. చవక. నన్ను కూడా చూసుకోమన్నారు, ఇంకో పని." ఒక్క క్షణం ఆగింది. "ఎవరి తప్పూ లేదమ్మా ఇందులో."

మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మరి ఆ పటంలో మన బల్బు? ఆర్పేస్తారా?"

"లేదు లేదు. అది వెలుగుతూనే ఉంటుంది. ఇక్కడ అమ్మడం మానరు కదా!"

ఆవిడ వెళ్ళాక రొట్టె మీద గుడ్డ కప్పాను. నాజిక్ లేచి నిచ్చెన తెచ్చింది. గడ్డి కిందినుంచి నీలం సంచీ లాగింది. ఎంత లోపలికి తోసినా ఎక్కడుందో దానికి ముందే తెలుసులా ఉంది. దుమ్ము దులిపి కంచె మీద ఎండేసింది, పాల క్యాన్లు ఆరబెట్టే చోట.

*

తొట్టిని తీసుకుపోయే రోజు కుబాన్ లారీ వేసుకొచ్చాడు. ఇద్దరు మనుషులు పలకలు, తాళ్ళు సిద్ధం చేస్తున్నారు. ఈలోగా టీకి కూచున్నాం. కుబాన్‌కి కొడుకు పుట్టాడని చెప్పాడు. దీవించాం. శనివారం నాజిక్ రైలు. సంచీలో కుర్తు ఉండలు పెట్టాను, అవే, ఆ తిరిగొచ్చిన పాలవి. రాయిలా గట్టిపడ్డాయి, ఎన్నాళ్ళయినా ఉంటాయి.

"మన చెయ్యి చాల్లేదు కోడలా" అంది మా అత్తగారు ఉన్నట్టుండి. "రోజూ పోశాం. అయినా పిల్ల పోతోంది."

నేను రొట్టె తుంచుతూనే ఉన్నాను.

"మనం పోశాం అనడం కూడా తప్పేలే. నువ్వు తాగావు."

నా చేతిలో రొట్టె ఆగిపోయింది.

"కళ్ళు పోయాయి గానీ గుడ్డిదాన్ని కాలేదే. దిగి వచ్చేసరికి రోజూ నీ పై పెదవి మీద తెల్లగా మీసం. మా తాత గుర్తొచ్చేవాడు."

కుబాన్‌కి టీ పొరబోయింది. మా ఆయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నాజిక్ నన్నూ, నాన్నమ్మనీ, పొయ్యి పక్కనున్న చెక్క గిన్నెనీ మార్చి మార్చి చూసింది. దాని మొహంలో ఆ రెండు ట్యాంకర్లూ, చిట్లిన కణుపులూ, కాకి రెట్టా ఒక్కొక్కటే వచ్చి వాటి చోట్లలో కూచోవడం నేను చూశాను. ఇప్పుడు అరుస్తుంది, అనుకున్నాను. ముసలావిడ మీదో, నా మీదో. అరవనీ, అరిచి వెళ్ళడమే నయం, అనుకున్నాను.

"మరి తెలిసీ ఎందుకిచ్చారత్తమ్మా రోజూ?" అన్నాను.

"నువ్వడిగావు కదే" అంది ఆవిడ. "ఖాళీ కడుపుతో తిరిగేదానివి అప్పుడు. ఎవరికో ఒకరికి అందింది, చాలదూ?"

నాజిక్ లేచి బయటికెళ్ళింది. నీళ్ళు మరిగిన చప్పుడు, బ్రష్ చప్పుడు. తొట్టిని కడుగుతోంది. ఆఖరిసారి కడిగినా కంపెనీ చెప్పినట్టే కడిగింది, పొడి వేసి, మూలమూలలా, నీళ్ళు తేటగా వచ్చేదాకా. తీసుకుపోయేవాళ్ళు, "ఎందుకమ్మాయ్, ఎలాగూ గిడ్డంగిలో పడేసేదే" అంటున్నా వినలేదు. పొడిగుడ్డతో తుడిచింది.

తర్వాత లోపలికొచ్చి నాన్నమ్మ ముందు రెండు చేతులూ చాచింది. ముసలావిడ గిన్నె అందించింది.

పెట్టె ఎక్కింది. నేను గడపలో నిలబడ్డాను, ఆవిడ రోజూ నిలబడే చోట.

"దారిలో పులిసిపోతుందే" అన్నాను. "మూత బిగిస్తే లోపల వాసన కొడుతుంది. ఎవరైనా తెరిచి చూస్తే నీ పేరే చెబుతారు. ఏ దేశానికి పంపిస్తారో ఏమో దాన్ని..."

"ఏ దేశానికైనా బోసిగా పంపకూడదు కదమ్మా. నా పేరే చెప్పనీ" అంది. గిన్నె వంచింది.

కుబాన్ టోపీ తీసి మొహం అరచేతులతో తుడుచుకున్నాడు, భోజనమయ్యాక దీవెన చెప్పుకున్నట్టు. మూత వేసి, తొట్టిని లారీ ఎక్కించి తాళ్ళు బిగించారు. లారీ మెల్లగా వీధిలోకి వెళ్ళింది. పోప్లార్ చెట్ల దగ్గర గతుకుంది, అక్కడ ఒలుకుతుందేమోనని చెవి పెట్టి విన్నాను. గతుకు దాటింది. ఆ తర్వాత వినబడలేదు.

నాజిక్ వెనక్కొచ్చి గిన్నెను నాన్నమ్మ చేతుల్లో పెట్టింది. ముసలావిడ వేలు ముంచి చూసుకుంది. నేనూ తొంగి చూశాను.

అడుగున ఒక గుక్క ఉంది.